విడిభాగాల మౌంటెన్ బైకు – తడిసి మోపెడయ్యే లెక్క

యంత్రాలలో తన పనితీరును దాచుకోనిది సైకిలు. కారు ఇంజను మూత కింద ఉంటుంది. గడియారం పళ్ళచక్రాలు డబ్బాలో ఉంటాయి. సైకిలులో మాత్రం చైను, పళ్ళచక్రాలు, బ్రేకులు, ఇరుసులు అన్నీ కంటికి కనిపిస్తూనే ఉంటాయి. అందుచేత దానిని చూచినవారికి, "భాగాలను విడివిడిగా కొని ఇంట్లోనే బిగించుకొంటే చౌకగా రాదా?" అనే ఆలోచన కలగడం సహజం. అమెరికాలో హైస్కూలు చదివే కొడుకో కూతురో వేసవి సెలవులకు ముందు ఈ కోరికను వెలిబుచ్చినప్పుడు, తల్లిదండ్రులు అవుననడానికీ కాదనడానికీ ముందు ఒక లెక్క వేసుకోవలసి ఉంటుంది. కొండదారులలో తిరిగే మౌంటెన్ బైకును విడిభాగాలతో తయారు చేసుకొంటే ఎంత ఖర్చవుతుంది, ఎందుకవుతుంది, ఆ ఖర్చు ఏ సందర్భంలో సమంజసమవుతుంది అన్న విషయాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నల్ల సైకిలు నేర్పిన పాఠం

తెలుగునాట పెరిగినవారికి సైకిలు షాపు సుపరిచితమైన చోటు. అక్కడి నల్లని 28 అంగుళాల సైకిలుకు టైరు ఒక కంపెనీది, చైను మరొక కంపెనీది, పెడళ్ళు ఇంకొక కంపెనీవి కావచ్చు. అయినప్పటికీ అన్నీ చక్కగా అతుకుతాయి. బ్రిటిషు నమూనా ననుసరించి వచ్చిన ఆ సైకిలు రూపం దశాబ్దాల తరబడి దాదాపు మారకపోవడమే దీనికి కారణం. లూధియానా వంటి కేంద్రాలలో చిన్నా పెద్దా కర్మాగారాలన్నీ అవే కొలతలతో భాగాలు చేయడం వలన, మేస్త్రీ ఏ డబ్బాలోంచి తీసిన భాగమైనా ఏ సైకిలుకైనా పట్టేది.

ఆ అనుభవం నుంచి రెండు నమ్మకాలు స్థిరపడ్డాయి. ఒకటి, ఏ భాగమైనా ఏ సైకిలుకైనా సరిపోతుందని. రెండవది, విడిగా కొనడంలో నష్టం లేదని. మౌంటెన్ బైకు విషయంలో ఈ రెండూ నిలవవు. ఎందుకు నిలవవో తెలియడానికి ఆ సైకిలు పుట్టుకను కొంత పరిశీలించాలి.

విడిభాగాల నుంచి పుట్టిన సైకిలు

మౌంటెన్ బైకు పుట్టిందే విడిభాగాల కూర్పుగా. 1970 దశకంలో కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీలో, టమల్పాయిస్ పర్వతం పరిసరాలలో కొందరు యువకులు 1930, 40 దశకాలనాటి పాత ష్విన్ సైకిళ్ళను సేకరించి, లావు టైర్లతో కొండదారులలో దిగేవారు. 1976 అక్టోబరు 21న ఫేర్‌ఫాక్స్ పట్టణం వద్ద "రీప్యాక్" అనే పందెం మొదలయింది. సుమారు 2 మైళ్ళ దారిలో 1300 అడుగులు దిగే ఆ పందెంలో వెనుక చక్రపు బ్రేకు వేడెక్కి, హబ్బులోని గ్రీజు పొగగా మారిపోయేది. పందెం తరువాత హబ్బులో గ్రీజు మళ్ళీ దట్టించవలసి రావడం వలననే దానికి ఆ పేరు వచ్చింది.

పాత ఫ్రేములు ఆ తాకిడికి తట్టుకోలేకపోగా, 1977లో జో బ్రీజ్ ఈ పనికోసమే కొత్త ఫ్రేమును నిర్మించాడు. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ కలిసి టామ్ రిచీ చేసిన ఫ్రేములతో ఒక చిన్న వ్యాపారం ప్రారంభించారు. దూరప్రయాణపు సైకిళ్ళ గేర్లు, మోటారు సైకిళ్ళ బ్రేకు పిడులు ఇలా తలొక చోటి నుంచి సేకరించి బిగించిన ఆ సైకిలు ధర సుమారు 1300 డాలర్లు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ రిచీ నమూనాను దగ్గరగా అనుసరించిన "స్టంప్‌జంపర్"ను జపానులో పెద్ద సంఖ్యలో తయారుచేయించి 750 డాలర్లకు అమ్మింది. 1982లో షిమానో కంపెనీ "డియోర్ ఎక్స్‌టి" పేరుతో ఈ సైకిళ్ళ కోసమే ఒకదానితో ఒకటి పొందికగా పనిచేసే భాగాల సముదాయాన్ని విడుదల చేసింది.

ఈ చరిత్రలోనే ఖర్చు సూత్రం దాగి ఉంది. చేతిపనిగా, ఒక్కొక్కటిగా బిగించినప్పుడు 1300 డాలర్లు పలికిన వస్తువు, టోకున భాగాలు కొని వరుసగా బిగించగానే 750 డాలర్లకు దిగింది. ఫ్రేము పనితనంలోనూ భేదం ఉన్నమాట నిజమే. అయినా ధర తగ్గడానికి ముఖ్యకారణం కొనుగోలు, బిగింపు పద్ధతులలో వచ్చిన మార్పు. ఆనాటి ఆ సూత్రం నేటికీ మారలేదు.

భాగాల మొత్తం సైకిలును ఎందుకు మించుతుంది?

ఇందుకు నాలుగు కారణాలు చెప్పవచ్చు.

మొదటిది, కొనుగోలు పరిమాణం. సైకిలు కంపెనీ ఒకే రకం గేరు మార్చే సాధనాన్ని వేల సంఖ్యలో ముందుగానే ఆర్డరు చేస్తుంది. అవి రంగుల పెట్టెలు లేకుండా, వివరణ పత్రాలు లేకుండా, గుత్తగా కర్మాగారానికి చేరుతాయి. దుకాణంలో దొరికే అదే సాధనం పెట్టెతో, ముద్రించిన కాగితాలతో, ఒక్కటిగా వస్తుంది.

రెండవది, మధ్యవర్తుల లాభం. విడిభాగం తయారీదారు నుంచి దిగుమతిదారుకు, అతని నుంచి టోకు వర్తకునికి, అక్కడి నుంచి చిల్లర దుకాణానికి చేరుతుంది. ప్రతి అంచెలోనూ నిల్వకు, రవాణాకు, లాభానికి కొంత చేరుతుంది. పూర్తి సైకిలుకు కూడా ఇటువంటి అంచెలు ఉన్నా, అవి మొత్తం వస్తువుకు ఒకేసారి వర్తిస్తాయి. విడిభాగాలలో ఇరవై ముప్ఫై వస్తువులకు ఇరవై ముప్ఫై సార్లు వర్తిస్తాయి.

మూడవది, తయారయ్యే చోటు. 1972లో స్థాపితమైన జయింట్, మెరిడా కంపెనీలు రెండూ తైవానువే. ఫ్రేములు, రిమ్ములు, హ్యాండిళ్ళు, సీట్లు చేసే కర్మాగారాలు అక్కడ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. పక్క వీధి నుంచి వచ్చిన భాగానికి అయ్యే రవాణా ఖర్చుకూ, సముద్రం దాటి పెట్టెలో వచ్చిన భాగానికి అయ్యే ఖర్చుకూ పోలిక లేదు. కొంతకాలం అమెరికాలోని వినియోగదారులు విదేశీ దుకాణాల నుంచి చిన్న పార్సిళ్ళుగా భాగాలను తెప్పించుకొని ఈ భేదాన్ని తగ్గించుకొనేవారు. 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి నిలిపివేయడంతో ఆ దారి కూడా ఇరుకైంది.

నాలుగవది, కంటికి కనబడని పొదుపు. పూర్తి సైకిలు తయారీదారు, కొనేవారు చూచే గేరు సాధనానికి మంచి రకాన్ని వేసి, వారు అంతగా గమనించని హబ్బులు, చైను, బేరింగులు, టైర్లు కొంత తక్కువ రకంవి వేయడం కద్దు. కావున రెండింటి ధరలను పోల్చేటప్పుడు ఒక్క భాగం పేరును చూచి సరిపెట్టక, జాబితా మొత్తాన్ని పక్కపక్కన పెట్టి చూడాలి.

ఒక నమూనా లెక్క

ముందు మాత్రమే కుదుపునాపే ఫోర్కు ఉండి, వెనుక గట్టి ఫ్రేము గల సైకిలును "హార్డ్‌టెయిల్" అంటారు. మధ్యస్థాయి భాగాలతో 29 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్‌ను ఉదాహరణగా తీసుకొందాం. కింది అంకెలు ఏ ఒక్క దుకాణం ధరలూ కావు. నిష్పత్తులు బోధపడడానికి తీసుకొన్న గుండ్రని అంకెలు.

అల్యూమినియం ఫ్రేము – 450 డాలర్లు
గాలి స్ప్రింగు గల ముందు ఫోర్కు – 400
చక్రాల జత – 350
గేర్ల సముదాయం (క్రాంకు, చైను, పళ్ళచక్రాలు, గేరు మార్చే సాధనాలు) – 330
హైడ్రాలిక్ డిస్కు బ్రేకులు – 200
టైర్లు, ట్యూబులు – 120
హ్యాండిలు, దానిని పట్టే స్టెమ్ము, పిడి తొడుగులు – 110
సీటు, సీటు కడ్డీ, బిగింపు – 110
హెడ్‌సెట్ బేరింగులు – 50
పెడళ్ళు – 50
కేబుళ్ళు, గొట్టాలు, రిమ్ము టేపు, గ్రీజు, మరలు – 60

వీటి మొత్తం 2230 డాలర్లు. సాధారణంగా ఉత్సాహవంతుల లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. నిజానికి ఇంకా నాలుగు పద్దులున్నాయి. 7 శాతం అమ్మకపు పన్ను అనుకొంటే 156 డాలర్లు. వేర్వేరు చోట్ల నుంచి తెప్పించే రవాణాకు 60. ప్రత్యేక పనిముట్లకు పన్నుతో కలిపి 180. సరిపోని భాగాన్ని మార్చుకోవడం, పాడైన దానిని మళ్ళీ కొనడం వంటి పొరపాట్ల కింద 110. వెరసి 2736 డాలర్లు.

ఇదే స్థాయి భాగాలు గల పూర్తి సైకిలు పెడళ్ళతో సహా 1500 డాలర్లకు లభించిందనుకొంటే, పన్నుతో 1605 డాలర్లవుతుంది. తేడా 1131 డాలర్లు. పనిముట్లు ఇంట్లోనే మిగులుతాయి గనుక వాటిని తీసివేసినా తేడా 951 డాలర్లు.

ఈ పట్టికలో గమనించదగిన అంశాలు రెండు. ఫ్రేము, ఫోర్కు, చక్రాలు ఈ మూడింటికే 1200 డాలర్లయింది. అనగా భాగాల వెలలో సగానికి మించి. కావున బేరమాడవలసిన చోటు ఇదే. రెండవది, ఎవరూ ముందుగా తలచుకోని పద్దులు – హెడ్‌సెట్, పెడళ్ళు, కేబుళ్ళు, పన్ను, రవాణా, పనిముట్లు, పొరపాట్లు – కలిసి 666 డాలర్లయ్యాయి. ఇది మొత్తంలో దాదాపు నాలుగవ వంతు. ఖర్చు తడిసి మోపెడవడమంటే ఇదే. ఏనుగు నిచ్చి అంకుశం దగ్గర పేచీ పడ్డట్లు, చిన్న మరల దగ్గర పొదుపు చేయబోతే సైకిలు కదలదు.

కొలతల చిక్కు

పొరపాట్ల పద్దు ఎందుకు తప్పదో తెలియాలంటే, నల్ల సైకిలుకూ దీనికీ గల ముఖ్యభేదాన్ని గ్రహించాలి. మౌంటెన్ బైకు కొలతలు తరచు మారుతూ వచ్చాయి.

చక్రాలనే తీసుకొందాం. టైరు కూర్చొనే చోట రిమ్ము వ్యాసం 26 అంగుళాల చక్రానికి 559 మిల్లీమీటర్లు, 27.5 అంగుళాల దానికి 584, 29 అంగుళాల దానికి 622. ఒకదాని టైరు మరొకదానికి పట్టదు. వెనుక హబ్బు వెడల్పు ఒకప్పుడు 135 మిల్లీమీటర్లు, తరువాత 142, 2015 ప్రాంతం నుంచి "బూస్టు" పేరుతో 148. 142కూ 148కీ తేడా 6 మిల్లీమీటర్లే. కాని ఆ తేడా ఉన్న చక్రం ఫ్రేములో సరిగా కూర్చోదు. అంతేగాక, బూస్టు హబ్బులో పళ్ళచక్రాలు 3 మిల్లీమీటర్లు బయటికి జరుగుతాయి. చైను వంకర లేకుండా నడవాలంటే ముందు పళ్ళచక్రాన్ని కూడా అంతమేరకు జరపాలి. ఒక కొలత మారితే దాని వెనుక మరొకటి మారుతుందనడానికి ఇది ఉదాహరణ.

వెనుక పళ్ళచక్రాల దొంతర కూర్చొనే భాగంలోనూ రకాలున్నాయి. షిమానో వారి పాత "హైపర్‌గ్లైడ్" నమూనాపై సాధారణంగా అతి చిన్న చక్రానికి 11 పళ్ళుంటాయి. 10 పళ్ళ చక్రం గల దొంతరలకు శ్రామ్ కంపెనీ "ఎక్స్‌డి" నమూనానూ, షిమానో 2018లో "మైక్రో స్ప్లైన్" నమూనానూ తెచ్చాయి. చౌకగా దొరికిందని దొంతరను కొని, హబ్బు వేరే నమూనాదయితే, కొన్నది అలమరలో ఉండిపోవలసిందే.

గేరు మార్చే మీట ఒక కంపెనీది, చైనును జరిపే సాధనం మరొక కంపెనీది అయినప్పుడు కూడా ఇదే గతి. మీటను ఒక్కసారి నొక్కితే కేబులు ఎంత లాగబడాలి, ఆ లాగుడుకు చైను ఎంత జరగాలి అన్న నిష్పత్తి కంపెనీని బట్టి, ఒకే కంపెనీలో తరాన్ని బట్టి మారుతుంది. సీటు కడ్డీ వ్యాసం 27.2, 30.9, 31.6 మిల్లీమీటర్లలో ఏదైనా కావచ్చు. ఫోర్కు కాండం పైనుంచి కిందికి ఒకే లావు ఉండవచ్చు. లేదా కింద లావెక్కి ఒకటిన్నర అంగుళం ఉండవచ్చు. కావున మొదట ఫ్రేమును నిర్ణయించి, దాని కొలతలన్నీ ఒక కాగితంపై వ్రాసుకొని, ప్రతి భాగాన్నీ ఆ కాగితంతో సరిచూచిన తరువాతనే కొనడం ఉత్తమం.

పనిముట్లు, చేతిపని, క్షేమం

భాగాలు సమకూరినా బిగింపులో కొన్ని మెలకువలు తెలియకపోతే నష్టం తప్పదు. క్రాంకు ఇరుసు తిరిగే బేరింగుల కప్పులు మరలతో బిగించే రకమైతే, కుడివైపు కప్పుకు మర ఎదురుదిశలో ఉంటుంది. అది ఎడమకు తిప్పితే బిగుస్తుంది. ఎడమ పెడలు సంగతి కూడా అంతే. తొక్కేటప్పుడు పుట్టే బలం వాటిని వదులు చేయకుండా ఉండడానికే ఈ ఏర్పాటు. ఇది తెలియక బలవంతంగా తిప్పితే ఫ్రేము మరలు అరిగిపోతాయి. 40 డాలర్ల భాగాన్ని బిగించబోయి 450 డాలర్ల ఫ్రేమును పోగొట్టుకోవడం ఇటువంటి చోటనే జరుగుతుంది. ఫోర్కు కాండాన్ని కోయడం కూడా అటువంటిదే; ఎక్కువ మిగిలితే మళ్ళీ కోయవచ్చు, తక్కువైతే అతకలేరు.

బిగింపు బలాన్ని న్యూటన్ మీటర్లలో కొలుస్తారు. హ్యాండిలును పట్టే స్టెమ్ము మరలకు సాధారణంగా 5 లేక 6 న్యూటన్ మీటర్లు చాలు. వెనుక పళ్ళచక్రాల దొంతరను పట్టే కట్టుకు 40 కావాలి. మొదటిది ఎక్కువైతే లోహం చీలుతుంది, రెండవది తక్కువైతే దొంతర కదులుతుంది. చేతి అంచనా ఈ రెండింటినీ సరిగా పట్టలేదు. కావున బలాన్ని కొలిచే టార్కు రెంచి పనిముట్ల జాబితాలో తప్పనిసరి. ఏ భాగానికి ఎంత అన్నది ఆ భాగం తయారీదారు ముద్రించిన అంకెను బట్టి నిర్ణయించాలి.

బ్రేకుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. షిమానో హైడ్రాలిక్ బ్రేకులలో ఖనిజ తైలం వాడతారు; మరికొన్ని బ్రేకులలో "డాట్" ద్రవం వాడతారు. ఒకదానిలో మరొకటి పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు చెడి బ్రేకు పట్టు తప్పుతుంది. కొండ దిగే పిల్లవాని ప్రాణం ఆ సీళ్ళపైనే ఆధారపడి ఉంటుంది. కనుక హెడ్‌సెట్ కప్పులను దిగగొట్టడం, ఫోర్కు కాండం కోయడం, బ్రేకులలో గాలి తీయడం ఈ మూడు పనులను మొదటిసారి దుకాణంలో చేయించి, పక్కన నిలబడి చూడడం మంచిది. దానికిచ్చే కూలి వృథా ఖర్చు కాదు. క్షేమానికి కట్టిన రుసుము.

విడిభాగాలు ఎప్పుడు లాభం?

పై లెక్క చూచి, విడిభాగాల ఆలోచనే తప్పని భావించరాదు. కొన్ని సందర్భాలలో అదే సరైన మార్గం.

మొదటిది, ఎదిగే పిల్లల సందర్భం. రెండు మూడేళ్ళ క్రితం కొన్న మంచి సైకిలు ఫ్రేము పొట్టిదయిపోయింది. చక్రాలు, ఫోర్కు, గేర్లు, బ్రేకులు మాత్రం గట్టిగా ఉన్నాయి. పాతదాని కొలతలకు సరిపోయే పెద్ద ఫ్రేమును 450 డాలర్లకు, హెడ్‌సెట్‌ను 50కి, కేబుళ్ళు మొదలైనవి 60కి కొంటే, పన్నుతో దాదాపు 600 డాలర్లలో సరిపడే సైకిలు సిద్ధమవుతుంది. దుకాణపు కూలి కలిసినా కొత్త సైకిలు ధరలో సగం కూడా కాకపోవచ్చు.

రెండవది, వాడిన సైకిలును భాగాల కోసం కొనడం. ఫ్రేము సరిపోకపోయినా, మంచి భాగాలున్న పాత సైకిలు ఒకటి దొరికితే అందులోని భాగాలన్నీ ఇంతకుముందే పొందికగా పనిచేసినవి గనుక కొలతల చిక్కు చాలవరకు తగ్గుతుంది. సైకిళ్ళ మార్కెట్టులో హెచ్చుతగ్గులు కూడా గమనించాలి. 2020, 2021 సంవత్సరాలలో కరోనా కాలపు గిరాకీ వలన భాగాలు దొరకడమే కష్టమయింది. 2023 నాటికి నిల్వలు పేరుకొని దుకాణాలు పెద్ద తగ్గింపులు ప్రకటించాయి. ఓపిక పట్టినవారికి మూడు పెద్ద భాగాలలో కొంత పొదుపు సాధ్యమే.

మూడవది, పూర్తి సైకిలులో దొరకని అమరిక కావలసినవారి సందర్భం. మరీ పొట్టి లేక మరీ పొడవు మనుషులకు క్రాంకు పొడవు, హ్యాండిలు వెడల్పు ప్రత్యేకంగా ఎంచుకోవలసి రావచ్చు. వీరు చెల్లించే అదనపు సొమ్ము శరీర సౌఖ్యానికి వెల.

నాలుగవది, నేర్చుకోవడమే లక్ష్యమైన సందర్భం. ఇక్కడ అదనపు 951 డాలర్లను సైకిలు ధరగా గాక, చదువు ఖర్చుగా పరిగణించాలి. అయితే ఈ చదువుకు ఇంతకంటె చౌకదారి కూడా ఉంది. పూర్తి సైకిలును కొని, భాగాలు అరిగినకొద్దీ ఒక్కొక్కదానినే ఇంట్లో మార్చడం. మొదటి ఏడు టైర్లు, బ్రేకు మెత్తలు, తరువాత చైను. 12 గేర్ల చైను సాగుదల అర శాతం చేరగానే మారిస్తే పళ్ళచక్రాలు ఎక్కువకాలం మన్నుతాయి. సాగుదలను కొలిచే చిన్న పనిముట్టు కొద్ది డాలర్లకే లభిస్తుంది. ఆపైన కేబుళ్ళు, బేరింగులు. ఈ విధంగా మూడు నాలుగేళ్ళలో ఆ పిల్లవాడో పిల్లో సైకిలు మొత్తాన్ని విప్పి బిగించడం నేర్చుకొంటారు. కొన్న ప్రతి భాగమూ అవసరానికి కొన్నదే అవుతుంది; పనిముట్లు కూడా అవసరమైనప్పుడే ఒక్కొక్కటిగా ఇంట చేరుతాయి.

కర్తవ్యం

కోరిక కలిగినప్పుడు మొదట చేయవలసినది కాగితంపై మూడు వరుసలు వ్రాయడం. మొదటి వరుసలో పూర్తి సైకిలు ధర. రెండవ వరుసలో అదే స్థాయి విడిభాగాల మొత్తం, దానికి పన్ను, రవాణా, పనిముట్లు, పొరపాట్ల పద్దు. మూడవ వరుసలో ఇంట్లో ఇప్పటికే ఉన్న భాగాల విలువ. రెండవ దానిలోంచి మూడవ దానిని తీసివేసి, మొదటి దానితో పోల్చాలి. ఇంట్లో ఏమీ లేనివారికి పూర్తి సైకిలే చౌక. సగానికి పైగా భాగాలు చేతిలో ఉన్నవారికి కూర్పే చౌక. ఈ లెక్కను తల్లిదండ్రులు తాము వేసి చెప్పడం కంటె, అడిగిన పిల్లలచేతనే వేయించడం మేలు. ఏ పద్దు ఎందుకు పెరిగిందో తమ చేతితో వ్రాసి తెలుసుకొన్నవారు, ఆ తరువాత ఏది కొన్నా తెలిసి కొంటారు.